ఫుట్‌పాత్ మీద పడుకుంటున్న బాబాయిని షెల్టరుకు ఎలా చేర్చాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ముందు ఒకసారి చెబుతాను. నల్గొండ జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేసిన మీ బాబాయి, ఆ పని పోయిన తర్వాత రెండేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. కోఠీ వైపు ఒక ఆసుపత్రి గోడ పక్కన పడుకుంటున్నారని మీ ఊరివాళ్లు చెబితే మీరు వెళ్లి ఇంటికి రమ్మని బతిమాలారు, మర్నాటికి ఆయన ఆ చోటు వదిలి వెళ్లిపోయారు, పది రోజులకు మళ్లీ అదే గోడ దగ్గర కనిపించారు. ఆయనను నైట్ షెల్టరులో, అంటే ఇల్లు లేనివారు తలదాచుకునే చోట, చేర్పించవచ్చా, అక్కడ ఎలా చూస్తారు, ఎప్పటికైనా ఇంటికి వస్తారా అని మీరు అడుగుతున్నారు. ఆసుపత్రిలోనో హాస్టల్లోనో చేర్పించినట్టు షెల్టరులో ఒక మనిషిని ఇంకొకరు చేర్పించడం సాధ్యం కాదని, ఎవరికి వారు గడప దాటి లోపలికి రావలసిందేనని ముందుగా చెప్పాలి. నేను షెల్టరు పనిలో పన్నెండేళ్లకు పైగా ఉన్నాను. అంతకు ముందు ఏడు నెలలు మీ బాబాయి లాగే రోడ్డు మీద పడుకున్నాను కాబట్టి, ఆయన మీకు చెప్పని సంగతులు కొన్ని నేను చెప్పగలననుకుంటున్నాను.

మాది ఖమ్మం వైపు. 2011లో నగరంలోని ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగు పని చేసేవాణ్ణి. ప్రెస్సు మూతపడింది, మూడు నెలల అద్దె బాకీ పడ్డాను, ఒక సాయంత్రం వచ్చి చూస్తే నా తాళం మీద ఇంటి యజమాని మరో తాళం వేసి ఉన్నాడు. సర్టిఫికెట్లు, దుప్పటి, కిరోసిన్ స్టవ్వు అన్నీ లోపలే ఉండిపోయాయి. రెండు రోజులు ఎక్కడో సర్దుకుంటే మూడో రోజుకి ఏదో ఒక పని దొరుకుతుందనుకుని ఒక రైల్వే స్టేషను బయటికి చేరాను. చెప్పులు దస్తీలో చుట్టి తలకింద పెట్టుకోమని పక్కన పడుకున్న పెద్దాయన చెప్పినా నేను వినలేదు, తెల్లారేసరికి చెప్పులు లేవు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆ ఉదయం కూలీల అడ్డా మీద నిలబడితే మేస్త్రీ నా కాళ్ల వైపు చూసి పక్కవాణ్ణి పిలుచుకుపోయాడు. రాత్రంతా దోమలతోను, లాఠీ తట్టుతోను, జేబు తడుముకుంటూను గడిపినవాడి కళ్లు పొద్దున ఎర్రగా ఉంటాయి, ఆ ఎరుపును చూసినవాడు తాగుడు అనుకుంటాడు. అప్పటికి నేను మందు ముట్టి ఎరగను.

తర్వాత ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగు పనికి కుదిరాను. ఇల్లు లేని మగవాళ్లలో చాలామందిని నడిపించేది ఆ పనే. ముహూర్తాలున్నంత కాలం కడుపు నిండుతుంది, డబ్బూ అందుతుంది, కానీ పని ముగిసేది అర్ధరాత్రి దాటాక, అప్పుడు బస్సులుండవు, గది తీసుకున్నా చేరలేము. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి, ఆ నెలంతా పస్తులే. నేను జ్వరంతో పడిపోయింది ఆ ఆషాఢంలోనే. రాత్రి గస్తీ తిరిగే ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి నన్ను ఆటోలో కార్పొరేషను భవనంలో నడిచే షెల్టరుకు తీసుకువెళ్లాడు.

అక్కడ ఒక పొడవాటి రిజిస్టరు ఉంది. పేరు చెప్పాను. తండ్రి పేరు అడిగేసరికి నోరు పెగలలేదు, ఇలాంటి పుస్తకంలో మా నాన్న పేరు ఎక్కకూడదనిపించి నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పేశాను. కేర్‌టేకరు నా ముఖం వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా రాసుకుని, చాప, దుప్పటి, తాళంచెవి ఉన్న ఒక రేకు పెట్టె ఇచ్చాడు. ఇరవై రోజుల తర్వాత, "అన్నా, ఆ పుస్తకంలో ఒకటి దిద్దాలి" అన్నాను. ఆయన పేజీ తీసి పెన్ను నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు ఆ రిజిస్టరు రాసేది నేనే, తండ్రి పేరు గడిని మాత్రం పెన్సిలుతో నింపుతాను.

మీ బాబాయి మీ నుంచి పారిపోయింది కూడా ఇలాంటి సిగ్గు వల్లనేనని నా అంచనా. వాచ్‌మన్ ఉద్యోగంలో ఒక చిక్కు ఉంది. మెట్ల కిందనో, పార్కింగు మూలనో ఇచ్చే గదే ఇల్లు కాబట్టి, అసోసియేషను వాళ్లు పని వద్దన్న రోజునే తల మీద కప్పు కూడా పోతుంది. ఊరికి పోదామంటే ఊళ్లో అప్పులవాళ్లుంటారు, నెలనెలా పంపే డబ్బు ఆగినందుకు ఏం చెప్పాలో తెలియదు. మొదటి నెలలో ఇంటికి వెళ్లకపోవడానికి కారణం డబ్బు. ఆరో నెలకు అది ఒళ్లు, బట్టలు, గడ్డం అవుతుంది. ఏడాది తిరిగేసరికి "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు" అన్న ప్రశ్న ఒక్కటే కారణంగా మిగులుతుంది. మీరు వెళ్లి ఇంటికి రమ్మన్నప్పుడు ఆయనకు వినిపించింది ఆ ప్రశ్నే. కాబట్టి ఇల్లు అన్న మాటను కొన్నాళ్లు మరిచిపోయి, ఆయన ఒక వారం రోజులు భయం లేకుండా నిద్రపోయేలా చేయడమే మీ పని అనుకోండి. నిద్రలేని మనిషితో ఏ నిర్ణయమూ చేయించలేము.

ఆయనకు షెల్టరు అంటే భయం కూడా ఉండవచ్చు, దానికి తగిన చరిత్ర ఉంది. 2017 నవంబరులో నగరంలో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీద ఉన్నవారిని జైళ్ల ప్రాంగణాల్లో ఏర్పాటుచేసిన ఆశ్రమాలకు తరలించారు. అడుక్కోని కూలీలు కూడా ఆ రోజుల్లో వ్యాను చప్పుడు వింటే లేచి పరుగెత్తేవారు. నేటికీ ఫుట్‌పాత్ మీద పాతకాపులు కొత్తవాళ్లకు, "షెల్టరంటే లోపలేసి తాళం పెడతారు" అనే చెబుతారు. నిజానికి షెల్టరు నుంచి ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, మళ్లీ రావచ్చు. ఈ ఒక్క మాట ఆయన చెవిన పడటం మీరు చేసే మిగతా ఏర్పాట్లన్నిటికంటే ముఖ్యం.

ఈ షెల్టర్లు ఎవరి దయా కాదని కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే ఎవరైనా చోటు లేదు పొమ్మంటే ఎదురు అడగడానికి అది పనికొస్తుంది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక తాత్కాలిక షెల్టరును తొలగించిన సంగతి సుప్రీంకోర్టు దృష్టికి వెళ్లింది, 2001 నుంచి నడుస్తున్న ఆహార హక్కు కేసులోనే 2010లో షెల్టర్ల గురించి వరుసగా ఆదేశాలు వచ్చాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని, అవి ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలని చెప్పాయి. కాగితం మీద ఇంత ఉదారంగా ఉన్నా, చలికాలంలో మా షెల్టరులో చాపకూ చాపకూ మధ్య కాలు పెట్టే సందు ఉండదు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్లు, సిమెంటు తూముల దగ్గరికి వెళ్లి లెక్కపెట్టినప్పుడు దేశంలో 17.7 లక్షల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షల మంది నిలువ నీడ లేనివారని తేలింది. ఒక్క రాత్రి లెక్కకు దొరికినవాళ్ల సంఖ్య అది, ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతున్నవాడు ఆ లెక్కలోకి వచ్చి ఉండడని నా అనుమానం.

హైదరాబాదులో షెల్టర్ల జాబితా జీహెచ్ఎంసీ సర్కిలు కార్యాలయంలోని పట్టణ సామాజికాభివృద్ధి విభాగం, అంటే అందరూ యూసీడీ అనే సెక్షను దగ్గర దొరుకుతుంది. మిగతా పట్టణాల్లోను, ఆంధ్రప్రదేశ్‌లోను పురపాలక కార్యాలయంలోని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ సిబ్బందిని అడగాలి. జాబితాలో పురుషులవి, స్త్రీలవి వేరువేరుగా ఉంటాయి, పెద్దాసుపత్రుల ప్రాంగణాల్లో రోగుల సహాయకుల కోసం కట్టినవి మరికొన్ని ఉంటాయి. ఆ చివరి రకం చూసి మీరు తొందరపడకండి, లోపల రోగి ఉన్నవారికే అక్కడ మొదటి చోటు. జాబితా తీసుకుని మీరొక్కరే ముందుగా వెళ్లి చూడండి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, రాత్రి కేర్‌టేకరు మెలకువగా ఉంటాడా, సామాను దాచుకోవడానికి తాళం పెట్టె ఉందా అన్నవి చూస్తే చాలు, గోడ మీద వేలాడే బోర్డుల్లో ఏం రాసి ఉందో పట్టించుకోనక్కర్లేదు. ఆధార్ లేదన్న కారణంతో మేము ఎవరినీ వెనక్కి పంపలేదు, ఇంకెవరైనా పంపిస్తే ఆ యూసీడీ సెక్షనుకే చెప్పండి.

తాళం పెట్టె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రోడ్డు మీద ఉన్నవాడి దగ్గర ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం ఏవీ ఉండవని జనం ఆశ్చర్యపోతారు గాని, సంచి పోయిందంటే అన్నీ ఒకేసారి పోతాయి, ఆ సంచి ఏడాదిలో రెండు మూడు సార్లు పోతూనే ఉంటుంది. కార్డు లేకపోతే ఖాతా తెరవలేడు, ఖాతా లేకపోతే సెక్యూరిటీ ఏజెన్సీ జీతానికి తీసుకోదు, జీతం లేకపోతే గది దొరకదు, గది లేకపోతే కార్డు మీద రాయించుకోవడానికి చిరునామా ఉండదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి, షెల్టరు తెంపేది చిరునామా దగ్గర. గుర్తింపు పొందిన షెల్టరు నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ కేంద్రంలో చిరునామా రుజువుగా తీసుకుంటారు. పాత ఆధార్ ఉండి నంబరు మరిచిపోయినవారికి వేలిముద్రలతో దాన్ని వెతికి తీసే వీలుంది, సిమెంటు పనిలో వేలిగీతలు అరిగిపోయినవారికి కనుపాప ఉపయోగపడుతుంది. ఓటు విషయంలో ఎన్నికల సంఘం ఇంకా ఒక మెట్టు పైన ఉంది. ఇల్లు లేని వ్యక్తి ఫారం 6లో తాను పడుకునే చోటునే రాస్తే, బూత్ స్థాయి అధికారి ఒకటికి మించి రాత్రులు అక్కడికి వచ్చి అతడు నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి, చిరునామాకు వేరే కాగితం అడగకూడదు. ఫ్లైఓవరు కింద ఉన్నా ఓటరే అన్న ఈ పట్టింపు మిగతా శాఖలకు కూడా ఉంటే మా పని సగం తగ్గేది.

ఆరోగ్యం దగ్గరికి వస్తే, మీ బాబాయి తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతున్నట్టయితే షెల్టరుకు వచ్చిన రోజునే మానిపించాలని మాత్రం పట్టుబట్టకండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారికి, కల్లు కాంపౌండుకు అలవాటుపడినవారికి ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు పోయడం, ఫిట్స్ రావడం జరుగుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2020 లాక్‌డౌనులో దుకాణాలన్నీ మూతపడిన వారం రోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు బారులు తీరారు. డాక్టరు పర్యవేక్షణలో మందులతో తగ్గించవలసిన వ్యవహారం ఇది, ఒట్టు వేయించుకుంటే తేలేది కాదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. క్షయ అని తేలితే మందులు ఉచితం, 2024 నవంబరు నుంచి పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు, అయితే ఆ డబ్బు పడేది బ్యాంకు ఖాతాలో కాబట్టి మళ్లీ పైన చెప్పిన చక్రం దగ్గరికే వస్తాము.

ఆయన తనలో తాను మాట్లాడుకుంటున్నా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, ఒంటి మీద బట్టల ధ్యాస లేకపోయినా దారి వేరు. అప్పుడు షెల్టరు సరిపోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షను ప్రకారం అలాంటి వ్యక్తిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్పులో గాని జైల్లో గాని ఉంచకూడదు. అదే చట్టం నిరాశ్రయులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక చికిత్స పూర్తిగా ఉచితమని, తెల్లకార్డు ఉందా లేదా అన్నది చూడరాదని చెబుతుంది. స్టేషనులో ఈ సెక్షను పేరు చెప్పి అడిగితే ఫలితం వేరుగా ఉంటుందని నా అనుభవం.

మా దగ్గరికి వచ్చినవారి దారులు ఒక్కలా ఉండవు. ఒకామె ఏడాదికి పైగా ఒక ఆసుపత్రి వరండాలో, ఎవరో పారేసిన ఓపీ చీటీని చేతిలో పట్టుకుని, లోపల తన మనిషి ఉన్నట్టుగా నటిస్తూ రాత్రంతా కూర్చుని, పగలు గుడి మండపంలో నిద్రపోయేది. ఒంటరి ఆడది రాత్రి నిద్రపోకూడదని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. స్త్రీల షెల్టర్లు మరీ తక్కువ. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే సఖి అనే మహిళా సహాయ కేంద్రంలో కొద్ది రోజులు ఉంచుకుని దీర్ఘకాలం ఉండగలిగే చోటికి పంపుతారని ఆమెకు తెలిసేసరికి ఆ చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది. ఇప్పుడు ఒక హాస్టల్లో వంట చేస్తోంది, ఆ చీటీ మాత్రం పారేయలేదు. ఇంకొక పెద్దాయన, కొడుకు చూసుకుంటాడన్న షరతుతో ఇల్లు రాసిచ్చి వీధిన పడ్డవాడు, 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెడితే అలా రాసిచ్చిన దస్తావేజును రద్దు చేయించుకోవచ్చని మేము చెప్పినా, కొడుకును కచేరీకి ఈడ్చనంటూ మా షెల్టరులోనే కన్నుమూశాడు. ఇలాంటి పెద్దల కోసం 14567 నంబరు ఉంది, మీ చుట్టుపక్కల ఎవరికైనా పనికొస్తుంది. మూడు సార్లు వచ్చి మూడు సార్లూ వెళ్లిపోయిన ఒక మేస్త్రీ నాలుగోసారి వచ్చి రెండేళ్లు ఉండి, గది తీసుకుని భార్యను పిలిపించుకున్నాడు. మొదటి మూడు సార్లూ ఓటమే అనుకుని నేను విసుక్కున్న మాట నిజం. తర్వాత అతడే చెప్పాడు, వెళ్లిన ప్రతిసారీ "పెట్టె ఎవరికీ ఇవ్వకు" అని నాతో అనడం మరిచిపోలేదని. నేనైతే మూడో సారి ఇచ్చేశాను.

ఇంటికి వస్తారా అన్న మీ చివరి ప్రశ్నకు, కొందరు వస్తారు, కొందరు నగరంలోనే గది తీసుకుని పండగలకు వచ్చిపోతారు, కొందరు ఫోను వరకే మిగులుతారు. ఈ మూడింట్లో ఏది జరిగినా నేను మంచి ఫలితంగానే లెక్కపెడతాను, మీ ఇంట్లోవాళ్లను కూడా అలా లెక్కపెట్టుకోవడానికి ఇప్పటినుంచే సిద్ధం చేయండి. షెల్టరులో నిలదొక్కుకున్నాక ఆయనకు తెలిసిన పనే, అంటే వాచ్‌మన్ పనే, మళ్లీ దొరకడం కష్టం కాదు, కానీ గది ఇచ్చే ఉద్యోగం కంటే జీతం ఇచ్చే ఉద్యోగం చూడమని నా సలహా. మళ్లీ ఒకే దెబ్బకు రెండూ పోకూడదు.

ఇక మీరు వెళ్లేటప్పుడు చేయవలసినవి. పగలు వెళితే ఆయన దొరకరు, రాత్రి పది దాటాక ఆ గోడ దగ్గరికే వెళ్లండి. పిన్నిని, పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లకండి, కారు ఆయన పక్కన ఆపకండి, ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టకండి. నిలబడి మాట్లాడకుండా పక్కన కూర్చోండి, రెండు టీలు చెప్పండి. ఎక్కడున్నారు, ఎందుకు రాలేదు అని అడగకుండా ఊరి కబుర్లు చెప్పండి, ఎవరి పెళ్లయింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, నాయనమ్మ ఎలా ఉంది అన్నవి. ఈ రెండేళ్లలో ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే దాచకండి, అది ఇంకొకరి నోట వింటే మీ దగ్గరికి మళ్లీ రారు. మొదటి రాత్రి షెల్టరు మాట ఎత్తకపోయినా ఫర్వాలేదు. రెండోసారో మూడోసారో ఆయనే చలి సంగతో దోమల సంగతో ఎత్తుతారు, అప్పుడు ఫలానా చోట తాళం పెట్టె ఇస్తారట, నచ్చకపోతే పొద్దున్నే వెళ్లిపోవచ్చట అని చెప్పి ఊరుకోండి. డబ్బు ఎక్కువగా ఇవ్వకండి, ఆ రాత్రి ఆయనకు అదే ప్రమాదం. చెప్పులు లేకపోతే మీ ఇంట్లో వాడిన జత ఒకటి తీసుకెళ్లండి. కొత్తవి వద్దు, తెల్లారేసరికి ఉండవు.